వేరు పొయ్యి

లాగ్ 1. సోమవారం, పొద్దున

గాలి పేజీకి ఎర్ర అంచు వచ్చింది. ముందు నమ్మలేదు. మా పెట్టె వంటింటి గోడకు ఉంటుంది కాబట్టి తెర మీద ఎప్పుడూ తాలింపు మరకలే. కొంగుతో తుడిచి మళ్లీ చూశాను. మరక కాదు, అంచే.

ఇంట్లో గుర్తులు సర్దే పని నాది. కాలేజీలో వీటిని బుక్‌మార్కులు అనేవాళ్లు, ఇళ్లలో గుర్తులంటారు. నాలుగేళ్లు సమాచార శాస్త్రం చదివి వచ్చాక నాకు దొరికిన కొలువు ఇదొక్కటే. బాపు స్కూటర్ పేజీలు ఒక వరుసలో, అన్న కబడ్డీ పేజీలు ఇంకో వరుసలో, అమ్మ భజన పేజీ కింద ఓ మూల. ఏది ఎక్కడుండాలో నేను జరపగలను. కొత్తది పెట్టాలన్నా పాతది తీయాలన్నా ఇంటి పెద్ద బొటనవేలు ఆనాలి. అల్మరా సర్దడం నా వంతు, తాళంచెవి బాపుది.

మాది ఐదుగురు తినే పొయ్యి. నోటికి నాలుగు చొప్పున ఇరవై గుర్తులు. అందులో పదమూడు బాపువి. ఆయనకో పెట్రోలు స్కూటర్ ఉంది. ఈ జిల్లాలో పెట్రోలు అమ్మే బంకు నేను పుట్టకముందే మూతపడింది. అయినా పదమూడు. అన్నకు ఐదు, అమ్మకు ఒకటి, నాకు ఒకటి. వదినె స్వరూపకు ఒక్కటీ లేదు. ఎందుకు లేదని ఎవరూ అడగలేదు, ఆమెతో సహా.

నా ఒక్కటీ గాలి పేజీ. దాని చోటులో ఇప్పుడు కార్బొరేటర్ బొమ్మ ఉంది.

ఎర్ర అంచు వచ్చిందంటే ఏ ఇంట్లోనూ, ఏ పొయ్యి దగ్గరా ఆ పేజీకి గుర్తు లేదని అర్థం. ఎవరికీ అక్కరలేని పేజీలకు కరెంటు దండగ కదా, అందుకని ఏడాదికి రెండుసార్లు కోత. ఈసారి కోత రెండు వారాల్లో. ఆ రోజు ఎర్ర అంచు ఉన్నవన్నీ చెరిగిపోతాయి. అంచు కనిపించిన రోజే అన్ని పెట్టెలకూ తాళం పడుతుంది, కోత దాటేవరకు ఎవరూ గుర్తులు మార్చడానికి లేదు. చివరి నిమిషంలో గుంపుగా ఎగబడకుండా అట. ఇల్లు కాలుతోందని చెప్పి అదే నోటితో బావికి మూత వేయడం ఏ మహానుభావుడి తెలివో!

గాలి పేజీ మా కాలనీది. పడమటి వైపు పాత బ్యాటరీలు కరిగించే బట్టీ నడిచినన్నాళ్లూ ఎవరికి ఏమైందో వాళ్లే, వాళ్ల మాటల్లోనే అందులో రాశారు. పాలు ఇనుము రుచి వస్తున్నాయని పుష్పక్క. మూడు నెలల కింద వేసిన స్కూటర్ రంగు పొక్కులు లేచిందని, ఇనుమునే తినేది మనిషిని విడుస్తదా అని మా బాపు. బట్టీ మూసి రెండేళ్లయినా అమ్మ ఇంకా రాస్తూనే ఉంది. మాది పై అంతస్తు. పొద్దున నీళ్లు పట్టుకుని మెట్లెక్కుతూ ఊపిరి అందక ఎక్కడ ఆగిందో, రోజూ ఒక్క ముక్క. "ఇయ్యాల ఏడో మెట్టు." "ఇయ్యాల ఐదో మెట్టు." అంతే.

బట్టీ మళ్లీ తెరుస్తామని దాని యజమానులు అర్జీ పెట్టారు. వచ్చే నెల విచారణ. విచారణలో బతికున్న పేజీలే చెల్లుతాయి. కాగితం మీద ఎక్కించుకుని వెళ్తే, ఎవరైనా రాసుకోవచ్చు కదమ్మా అంటారు.

బాపు కింద వరండాలో స్కూటర్ తుడుస్తున్నాడు.

"బాపూ, గాలి పేజీ తీసేసినవా?"

"ఆఁ. కార్బొరేటర్‌ది మంచిది దొరికింది. జాగ లేకుండె."

"జాగ లేకుంటే నాదే దొరికిందా నీకు?"

"గది అందరి దగ్గర ఉంటది గదనే. మనం ఒక్కలం తీస్తే ఏమైతది?"

"ఎర్ర అంచు అచ్చింది."

గుడ్డ ఆగింది. ఒక్క క్షణమే. "పెట్టె ఖరాబైనట్టున్నది, సూడు" అని మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

లాగ్ 2. సోమవారం, సాయంత్రం

మా గల్లీలో వంతుల పద్ధతి ఉంది. గుర్తులు తక్కువ, కావలసినవి ఎక్కువ కాబట్టి పెద్దవాళ్లు ఎప్పుడో మాట్లాడుకుని పంచుకున్నారు. బస్సుల వేళలు పుష్పక్క ఇంట్లో, నీళ్ల ట్యాంకరు కనకయ్య మామ ఇంట్లో, జ్వరం మందులు మా ఇంట్లో. ఎవరికి ఏది కావాలన్నా ఆ ఇంటి వంటగదిలోకి వెళ్లి చూసుకుంటారు, చాయ్ తాగి వస్తారు. మంచి పద్ధతే. అయితే గాలి పేజీని ఎవరికీ వంతు వేయలేదు. అప్పట్లో అది ప్రతి ఇంట్లోనూ ఉంది కదా, వంతు ఎందుకనుకున్నారు.

ఇల్లిల్లూ తిరిగాను.

"మీ ఇంట్ల ఉన్నది గదానే?" అంది పుష్పక్క, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. "మీ అమ్మనే గద రోజు రాసేది. రాసేటోళ్లు ఉంచుకోరా?"

"నువ్వెప్పుడు తీసినవక్కా?"

"మా పిల్లగానికి లెక్కల పేజీ కావాల్నంటే తీసిన. పోయిన కోతకో, అంతకు ముందుదో. కనకయ్య దగ్గర ఉంటది, పో."

కనకయ్య మామ నన్ను చూసి మంచం మీద జరిగి చోటిచ్చాడు. విషయం చెప్పగానే ఆ చోటు మళ్లీ తనే ఆక్రమించాడు. "పుష్ప దగ్గర ఉన్నదనుకున్న బిడ్డా. గంత పెద్ద ముచ్చట, గంతమంది రాసిన్రు. ఎవలో ఒకలు పెట్టుకోరా?"

"ఆ ఎవలో ఒకలు ఎవలు మామా?"

"గట్ల కసురుతవేందే? సదువుకున్నదానివి, పెట్టె కాడ కూసునేదానివి, నువ్వు సూసుకోవాలె గదా."

ఏడిళ్లు తిరిగాను. ఏడిళ్లలో ఇదే జవాబు, పేర్లు మారాయి అంతే. అందరి దగ్గరా ఉందనుకున్నారు కాబట్టే ఎవరి దగ్గరా లేకుండా పోయింది. అందరూ ఒకరి మీద ఒకరు నమ్మకం పెట్టుకున్నారు. వినడానికి ఎంత బాగుంది! ఎవరిదైనా గొంతు పట్టుకోవాలనిపించేంత బాగుంది. చివరి ఇంటి నుంచి బయటికి వస్తుంటే ఎవరో వెనక నుంచి, "అవునే, ఇంతకు బస్సు ఎన్నిటికి?" అని అడిగారు. పుష్పక్కనడుగు అన్నాను, కుక్కలు లేచేంత గట్టిగా.

లాగ్ 3. మంగళవారం

కోత కేంద్రానికి వెళ్లాను. కిటికీ వెనక కుర్రాడు నా వయసువాడే. చెప్పిందంతా విని, తాళం పడ్డాక తీయడం తన చేతిలో లేదన్నాడు. ఎవరి చేతిలో ఉంది అంటే, యంత్రం చేతిలో అన్నాడు. యంత్రానికి చేతులుండవు, దానికి సంతకం పెట్టిన మనిషికి ఉంటాయి అన్నాను. నవ్వాడు. "మీరు మాట మంచిగ మాట్లాడుతరు" అన్నాడు. ఆ కిటికీకి ఊచలు ఎందుకు పెట్టారో అర్థమైంది.

ఇంటికి వచ్చి నిబంధనల పేజీ తెరిచాను. ఎవరూ చివరిదాకా చదవకూడదనే అంత పొడుగు రాస్తారు. కోపంలో ఉన్నవాళ్లు చదువుతారని వాళ్లకు తోచలేదు. అడుగున ఉంది. తాళం పాత పొయ్యిలకే. కొత్తగా వేరుపడిన పొయ్యి, కోత వారంలోనైనా సరే, తన గుర్తులు పెట్టుకోవచ్చు. అన్నదమ్ములు వేరుపడినప్పుడు ఇబ్బంది కాకుండా పెట్టిన నియమం. వేరుపడేది అన్నదమ్ములే కావాలని మాత్రం ఎక్కడా రాయలేదు.

కావలసినవి మూడు. విడిగా ఒక పొయ్యి. దాని మీద వండుకుని తినే రెండు నోళ్లు, ఎందుకంటే ఒక్క నోటిని పొయ్యిగా లెక్కించరు. ఇన్‌స్పెక్టర్ చెప్పకుండా వస్తారు. వచ్చినప్పుడు ఆ నోళ్లు వేరే పొయ్యి తిండి తింటూ, లేదా వేరే నోరు ఈ పొయ్యి తిండి తింటూ కనబడితే అర్జీ రద్దు.

ఒక నోరు ఉంది. దాని గురించి ఊళ్లో అందరికీ తెలుసు. ఇంకో నోరు కావాలి.

లాగ్ 4. బుధవారం

అమ్మను అడిగాను. ఆమె పేజీ కదా, ఆమె మెట్లు కదా.

"మీ బాపును ఇడిచిపెట్టి వేరే పొయ్యి మీద తింటనా? నీకేమన్న పిచ్చి లేచిందా?" అంది. "పెండ్లిగాని పిల్ల వేరువడుడు యాడనన్న ఉన్నదా?"

"వేరువడుడంటే యాడికో పోవుడు గాదమ్మా. మెట్ల కింద పొయ్యి పెట్టుకుందాం. పేజీ ఉంటది."

"పోతే పోనీ తియ్యి. పేజీ లేకుంటే మెట్లు యాడికన్న పోతయా? రేపు గూడ ఎక్కుడే గద."

ఆ మాట అనడానికి ఆమె మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకోవలసి వచ్చింది. తన ఆయాసాన్ని తనే అంత తేలిగ్గా పారేస్తుంటే నాకు బాపు మీద కన్నా అమ్మ మీదే ఎక్కువ కోపం వచ్చింది. చేతిలో గ్లాసు ఉంది. పగలగొట్టలేదు. స్టీలుది.

వెనక గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది. వదినె చేతులు కడుక్కుంటూ, "రెండు నోళ్లకు ఎన్ని గుర్తులు?" అని అడిగింది.

ఈ ఇంటికి వచ్చి ఏడేళ్లు. మా ఇద్దరికీ పడదు. నేను పుస్తకం పట్టుకుంటే ఆమె చీపురు చప్పుడు పెంచుతుంది, ఆమె సీరియల్ పెడితే నేను నిట్టూరుస్తాను.

"ఎనిమిది."

"ఏడు నాయి. ఒకటి నీది."

"ఏడా? ఏం జేసుకుంటవ్?"

"మామ పదమూడు ఏం జేసుకుంటుండు? నన్నే అడుగుతవా?"

అమ్మ మధ్యలోకి వచ్చి, "స్వరూపా, నువ్వు గూడనా? మరి నా కొడుకు?" అంది.

"నీ కొడుక్కు నీ వంటనే ఇష్టం గదత్తా. ఏడేండ్ల సంది నేనేం వండినా నీ చెయ్యి రుచి రాలేదనే అంటుండు. తిననియ్యి." వదినె చీర చెంగుకు చేతులు తుడుచుకుంది. "మా అమ్మగారింటి నుంచి తెచ్చిన కాయిల్ పొయ్యి అటక మీదున్నది. నువ్వు ఎక్కు, పిల్లా. నేను నిచ్చెన పట్టుకుంట."

సరే, ఏడూ నీవే అని మాట ఇచ్చి, సాయంత్రమే అర్జీ పెట్టాను.

లాగ్ 5. శుక్రవారం

మెట్ల కింద కాయిల్ పొయ్యి, రెండు కంచాలు, ఒక కుండ, ఉప్పు డబ్బా. ఇప్పటిదాకా అక్కడ కాపురమున్న బొద్దింకలు గోడ మీదికి వెళ్లి మమ్మల్ని చూస్తున్నాయి.

నిన్న అన్నం నేను వండాను. అడుగు మాడింది, పైన పలుకు. వదినె ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "కాలేజీల ఇది గూడ నేర్పిన్రా?" అంది. ఈ రోజు నుంచి వంట తనది, కూరగాయలు కోయడం, గిన్నెలు నావి. ఇంటి పెద్దలు మారారు, నా పని మారలేదు. ఈ మాట పైకే అన్నాను. "తోము, తోము" అంది.

గల్లీకి మాత్రం పండగే. నీళ్లకు వచ్చిన ప్రతివాళ్లూ మెట్ల కిందికి వంగి చూస్తున్నారు. గాలి పేజీ కోసమే చేస్తున్నానని తెలుసు, అయినా నోరు ఆగదు. "ఆడబిడ్డ, వదినె కలిసి వేరువడ్డరట! ఇగ మీ అన్నకు విడాకులా?" అని కనకయ్య మామ. వాళ్లిళ్లలో నుంచి ఎవరైనా వేరుపడొచ్చు కదా అని అడిగాను. "అమ్మో, ఇజ్జత్ పోతది" అన్నాడు. ఇజ్జత్! మా ఇజ్జత్‌తో వాళ్ల ఊపిరితిత్తులు కాపాడుకోవాలన్నమాట.

బాపు మాట్లాడటం లేదు. మెట్లు దిగేటప్పుడు మా వైపు కాకుండా గోడ వైపు మొహం తిప్పుకుని దిగుతాడు. మూడో మెట్టు దగ్గర గోడకు మేకు ఉంది. ఈ రోజు చొక్కా చిరిగింది. పైకి వెళ్లి అమ్మతో గట్టిగా, మాకు వినబడాలనే, అన్నాడు. "ఇరవై ఉండెటియి. రేపు కొత్త పొయ్యి కట్టిండ్రంటే నాకు పన్నెండే మిగుల్తయి. కన్నబిడ్డ నా గుర్తులు గుంజుకుంటాంది!"

నాకు నవ్వు రాలేదు. నిజంగానే రాలేదు. ఆయనకు పోయేవి ఎనిమిది గుర్తులని బాధ. పోయేది అమ్మ రాసిన రెండేళ్ల మెట్లు అని ఇంకా తట్టలేదు.

లాగ్ 6. ఆదివారం

రాయకుండా ఉండాలనుకున్నాను. కానీ ఈ లాగ్‌లో నాకు బాగున్నవే రాస్తే దీనికీ స్కూటర్ పేజీలకూ తేడా ఉండదు.

మధ్యాహ్నం వదినె పచ్చిపులుసు కలిపింది. అన్న సాగర్ కంచం పట్టుకుని మెట్ల మీద తచ్చాడుతున్నాడు. "వాసన మంచిగున్నదే, కొంచెం పొయ్యి." వదినె గరిటె చూపించింది. "నీ నోరు పై పొయ్యి లెక్కల ఉన్నది. దిగినవంటే మా అర్జీ పోతది." "ఏడేండ్ల సంసారం, చెంచెడు పులుసుకు లెక్కనా?" అని గొణుక్కుంటూ వెళ్లాడు. ఆయన ఆ పులుసు బాగుందనడం ఇదే మొదటిసారట. వదినె చాలాసేపు ఒక్కర్తే నవ్వుకుంది.

తర్వాత అమ్మ వచ్చింది. చిన్న గిన్నెలో పప్పు, పైన మూత. మెట్లు దిగడం ఆమెకు ఎక్కడంత కష్టం కాదు గానీ గిన్నెతో దిగడం కష్టమే. నాకు ఇష్టమైన మామిడికాయ పప్పు. "మూడు దినాల సంది మెట్ల కింద బువ్వ తింటున్నవు. ఒక్క బుక్క తిను. ఎవరు సూస్తరు?"

అప్పుడే గల్లీ మొదట్లో బండి ఆగింది. కనకయ్య మామ గొంతు, "గీడనే మేడం, మెట్ల కిందనే" అని దారి చూపిస్తోంది.

గిన్నె నా చేతిలో ఉంది. మూత తీసినప్పుడే వాసన మెట్ల కిందంతా నిండింది. దాచడానికి అక్కడ చోటేది? పొయ్యి మీద అన్నం కుండ, పక్కన పచ్చిపులుసు తప్ప ఏమీ లేవు, పప్పు వండిన గిన్నె మా దగ్గర లేదు. పైకి తీసుకుపొమ్మందామంటే ఒక్కో మెట్టు దగ్గర ఆగి ఆగి ఎక్కాలి ఆమె. గిన్నె తిరగేసి కాలువలో పోశాను. మొత్తం. చెంబుతో నీళ్లు కొట్టాను.

అమ్మ మూడో మెట్టు మీద నిలబడి చూసింది. ఖాళీ గిన్నె కోసం చెయ్యి చాపింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇన్‌స్పెక్టర్ రిజ్వానా మేడం వంగి లోపలికి వచ్చింది. కుండ మూత తీసింది, కాయిల్ దగ్గర చెయ్యి పెట్టి వేడి చూసింది, మా కంచాలు చూసింది. తర్వాత కాలువ వైపు చూసింది. అంచున మామిడికాయ ముక్క ఒకటి ఆగి ఉంది.

"మామిడికాయ పప్పా?" అంది.

"అవును మేడం" అన్నాను.

"తిన్నరా?"

"తినలే. అమ్మ తెచ్చింది. పారబోసిన."

పైకి, అమ్మ వైపు చూసింది. తర్వాత కాగితం మోకాలి మీద పెట్టుకుంది. "పప్పు పారబోసినోళ్లను నేను చానా తక్కువ మందిని సూసిన. అందరు తిని, తినలే అంటరు. పొయ్యి పెద్ద ఎవరు?"

నేను నోరు తెరిచాను. వయసులో పెద్దవాళ్ల పేరే రాయాలంది మేడం. వదినె బొటనవేలు ముందుకు చాపింది. ఇంత చేసి, మళ్లీ నా పైన ఒక బొటనవేలు.

లాగ్ 7. గురువారం

కోత కేంద్రం వాళ్లు కొత్త పెట్టె బిగించి వెళ్లారు. మెట్ల కింద తల వంచుకుని చూడాలి. వచ్చే సోమవారమే కోత.

వెలగ్గానే తెర మీద ఒక వాక్యం: కొత్త పొయ్యికి మొదటి కోత దాటేదాకా సగమే. నాలుగు గుర్తులు.

నేను వదినె వైపు చూశాను. వదినె తెర వైపు చూసింది.

"మాట ప్రకారం ఏడు నాయి" అంది మెల్లగా. "నాలుగే ఇచ్చిండ్రు. అంటే నాలుగు నాయే, ఇంకా మూడు తక్కువ."

"వదినా."

"ఏం? మాట మాటే గదా."

"ఒక్కటి. గంత కష్టపడ్డది ఆ ఒక్కదాని కోసమే."

"నువ్వు కష్టపడ్డవా? బువ్వ ఎవలు వండిన్రు?"

బాపును తిట్టినట్టు ఆమెను తిట్టలేను, నిజంగానే మాట ఇచ్చాను. ఆమె వేలు పట్టుకుని బలవంతంగా ఆనిద్దామా అనిపించింది. ఎంత నీచంగా ఉన్నా ఆ ఆలోచన వచ్చింది, రెండు క్షణాలు ఉంది.

వదినె పకపకా నవ్వింది. "మొఖం సూసుకో పిల్లా. కోపమచ్చిందంటే నీ ముక్కు అచ్చం మామ ముక్కే అయితది." అంటూనే గాలి పేజీ తెరిచి, ఎర్ర అంచు మీద బొటనవేలు ఆనించింది. ఎరుపు చప్పున పోలేదు. మూలల నుంచి మెల్లగా తగ్గుతూ పోయింది. "ఇది మొదటిది. మిగిలినయి నాయి. కోత దాటినంక వచ్చే నాలుగు గూడ నాయే, ఇప్పుడే చెప్తున్న. మళ్ల లొల్లి పెట్టుకోకు."

ఆమె మూడు ఏమిటో చూశాను. ఒకటి సీరియల్. ఒకటి బావిలో ఈత నేర్చుకోవడం. మూడోది వాళ్ల బడి ఖోఖో జట్టు, దానికీ ఎర్ర అంచే ఉంది. ఫొటోలో తొమ్మిదిమంది అమ్మాయిలు మోకాళ్ల మీద కూర్చున్నారు. మధ్యలో ఉన్నది వదినె. నేను సర్దిన పెట్టెలో ఈ మొహం ఎక్కడా లేదు.

"ఈత వస్తదా నీకు?" అని అడిగాను.

"రాదు. వచ్చేదాక ఉంచుకుంట."

లాగ్ 8. విచారణ రోజు

పంచాయతీ హాలు నిండింది. కాలనీ అంతా వచ్చింది. గుర్తు ఒక్కటి పెట్టలేని జనం చూడటానికి మాత్రం కుర్చీలు చాలనంత మంది.

బట్టీ తరఫు వకీలు పేజీని పెద్ద తెర మీద తెరిపించాడు. మెత్తని మనిషి, మెత్తని గొంతు. "ఇందులో ఎన్నో బాధలు రాశారు. చదివితే కళ్లు చెమరుస్తాయి. కానీ దీన్ని నిలిపిన పొయ్యిలు ఎన్ని ఉన్నాయో చూడండి. ఒకటి. అదీ కోతకు నాలుగు రోజుల ముందు, మెట్ల కింద పుట్టిన పొయ్యి. రాసినవాళ్లకే అక్కరలేని మాటలు మనకు సాక్ష్యమా?"

నా పక్కన వదినె, "అడ్డగాడిద" అంది, వినబడేలాగే. కానీ వకీలు అన్నది అబద్ధం కాదు. కోపం వచ్చేది అందుకే. అతను మమ్మల్ని మా చేతులతోనే కొడుతున్నాడు.

విచారణ అధికారి పెద్దావిడ. పొయ్యి పెద్దను నిలబడమంది. వదినె నిలబడింది. "ఎందుకు నిలిపారు ఈ పేజీని?"

"మా అత్త ఊపిరందక మెట్లెక్కలేకపోతాంది. నిరుడు ఏడో మెట్టు కాడ ఆగేది. ఇప్పుడు మూడో మెట్టు. అండ్ల రాసుంది. నాకంటే ఈ పిల్ల బాగ చెప్తది."

అధికారి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. పేజీ బతికి ఉంది కాబట్టి చెల్లుతుందంది. అయితే వకీలు గారి అనుమానం తీరాలి కాబట్టి, ప్రతి మాటా ఇక్కడ చదవాలి, రాసినవాళ్లు లేచి నిలబడి, నాదే అని ఒప్పుకోవాలి. ఒప్పుకోని మాటలు కొట్టేస్తారు. నన్ను చదవమంది.

చదివాను. గొంతు మొదట్లో పిలిచినట్టు కాదు, తిట్టినట్టే వచ్చింది. పుష్పక్క పేరు చదివి తలెత్తి చూశాను. ఆమె పక్కవాళ్ల వైపు చూసింది, ముందు ఎవరైనా లేస్తారేమోనని. అందరిలోకీ మొదటి పేరు తనదే, చూడటానికి ఎవరూ లేరు. "నాదే" అంటూ లేచింది. పాలు ఇనుము రుచి వచ్చాయని మళ్లీ నోటితో చెప్పింది, ఎవరూ అడగకుండానే. తర్వాత ఇద్దరు లేచారు. తర్వాత ఒకరు లేవలేదు. కనకయ్య మామ పేరు చదివితే చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు. బట్టీ తెరిస్తే ఆయన కొడుక్కు పని ఇస్తామన్నారట. మూడుసార్లు చదివాను. కొట్టేయండి అంది అధికారి. కొట్టేశారు. ఆయన మనవరాలికి ముక్కులో రక్తం వచ్చిందని రాసిన మాట అది.

అమ్మ మాటలు మధ్యమధ్యలో వస్తాయి. మొదటిది రాగానే అమ్మ లేచింది. ప్రతిసారీ లేచి కూర్చోవడం ఆమెకు కాదు, ఒక్కసారి ఒప్పుకుంటే చాలు అన్నారు. అయినా ప్రతిసారీ లేచింది. ఒక్కోసారి లేవడానికి పట్టిన సమయం హాలంతా చూసింది. ఆ తర్వాత వకీలు నోటు పుస్తకంలో ఏదో రాసుకుంటూ తలెత్తలేదు. పప్పు పారబోసిన రోజు నుంచి నాతో మాట్లాడని మనిషి, కూర్చుంటూ నా వైపు చూసి, చదువు చదువు అన్నట్టు చెయ్యి ఊపింది.

వెనక వరుసలో కుర్చీ జరిగింది. బాపు. ఆయన పేరు ఇంకా రాలేదు.

"నాది ఎప్పుడస్తది?" అన్నాడు గట్టిగా.

అన్ని రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట. మొహం ఎర్రగా ఉంది, ముక్కు ఇంకా ఎర్రగా ఉంది.

"వరుసల వస్తది బాపూ. కూసో."

"కూసోను. నిలబడే ఉంట. నాది ఉన్నది అండ్ల. నేను రాసిన. రాసుకోండ్రి."

"పేరు రానియ్యండి" అంది అధికారి.

"రానియ్యండ్రి. నేనైతే నిలబడుత."

అందరూ ఆయన్నే చూశారు, తర్వాత నన్ను చూశారు. ఆయన మాట చాలా కింద ఉంది. దాని పైన ఇంకా ఎంతోమంది ఉన్నారు, వాళ్లలో కొందరు లేస్తారో లేదో తెలియదు. ముందుకు జరిపి ఆయనదే ముందు చదవొచ్చు. సర్దడం నాకు తెలిసిన పనే.

జరపలేదు. తర్వాతి పేరు చదివాను, ఆ తర్వాతిది చదివాను, ఒక్కో మాటా వెనక వరుస దాకా వినబడేలా, చాలా మెల్లగా.